మాల తీసిన 42వ రోజు: మందు తగ్గించుకోవడమా, పూర్తిగా మానడమా?

ఉండికాలువ | జనవరి 7, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నా వయసు 44. సొంత ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి దగ్గర. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఒక నిర్మాణ సంస్థలో బిల్లుల పని చూస్తున్నాను. తొమ్మిదేళ్లుగా ఏటా అయ్యప్ప మాల వేసుకుంటున్నాను. ఆ 41 రోజులూ మందు నాకు గుర్తుకైనా రాదు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం భజన, రాత్రి నేలమీద చాప, ఇంట్లో పిల్లలతో సహా అందరి నోటా 'స్వామీ' అన్న పిలుపు. అయితే గుడిలో గురుస్వామి మాల తీసిన రోజు సాయంత్రమే, ఎనిమిదేళ్లూ వరుసగా, ఎవరో ఒక మిత్రుడి మేడమీద సిట్టింగ్‌లో ఉన్నాను. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఆ పొద్దున నాతోపాటు మాల తీసినవాళ్లే.

మిగతా పదిన్నర నెలల లెక్క దాచకుండా చెబుతాను. వారానికి నాలుగు రోజులు, రోజుకు ఒక క్వార్టర్. శనివారం వస్తే దానికి లెక్క ఉండదు. అక్టోబర్‌లో ఆఫీసు వారు చేయించిన పరీక్షల్లో రెండో గ్రేడు ఫ్యాటీ లివర్ అని, కాలేయ పరీక్షల్లో ఒకటైన జీజీటీ 142 అని వచ్చింది. మొన్న 5వ తేదీన మళ్లీ చేయిస్తే అది 51కి దిగింది. నాలుగు కిలోల బరువు తగ్గాను. రాత్రి మూడు గంటలకు గుండె దడతో మెలకువ రావడం పూర్తిగా పోయింది.

ఈ ఏడాది జనవరి 4న మాల తీశాను. ఇవాళ్టికి మూడు రోజులు, ఇంకా ముట్టలేదు. వచ్చే వారం సంక్రాంతికి ఊరు వెళ్లాలి. ముగ్గురు బావమరుదులు, పందెం కోళ్లు, కనుమ నాటి మాంసం, వాటి వెనకాలే సీసాలు. నాకు తెలియవలసినవి రెండు విషయాలు. 41 రోజులు ఏ కష్టమూ లేకుండా మానగలిగినవాడు తాగుబోతు కింద లెక్కా, కాదా? నాలాంటివాడు తగ్గించుకుంటే సరిపోతుందా, పూర్తిగా మానేయాలా?

చెరువుకట్ట | జనవరి 7, రాత్రి 10.25

'స్వామి శరణం' అనాలో వద్దో తెలియడం లేదు కాబట్టి నమస్కారంతో సరిపెడుతున్నాను. మాది నల్లగొండ వైపు. నేనూ ఏడుసార్లు మాల వేసినవాడినే. 41 రోజులు నిబ్బరంగా ఉండగలిగిన మనిషిని వ్యసనపరుడని అనడం నా దృష్టిలో అన్యాయం. వ్యసనం ఉన్నవాడు నాలుగు రోజులు కూడా ఆగలేడు. శనివారం మాత్రమే, రెండు పెగ్గులు మాత్రమే, అదీ ఇంట్లోనే అని ఒక నియమం పెట్టుకోండి. నేను మూడేళ్లుగా అలాగే ఉన్నాను. పెళ్లిళ్లు, దావత్‌లు వదిలేస్తే దాదాపుగా పాటిస్తున్నట్టే. అయినా మా వైపు తాగని మగవాడు ఎక్కడున్నాడు చెప్పండి?

మందులచీటీ | జనవరి 8, ఉదయం 6.15

నేను గుంటూరులో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాసేది సాధారణ సమాచారమే కానీ చికిత్స కాదు.

ముందుగా కొలతలు తేల్చుకుందాం, ఎందుకంటే 'కొంచెమే' అన్న మాటకు ప్రతి ఇంట్లో ఒక్కో అర్థం ఉంది. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 61 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. పది గ్రాములను ఒక కొలతగా పెట్టుకుంటే క్వార్టర్ అంటే ఆరు కొలతలు, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు అంటే రెండు కొలతలు. బీరు తేలికైనదని అనుకునేవారు 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాను ఒకసారి తిప్పి చూడాలి. ఏడు శాతం అనుకున్నా అందులో 36 గ్రాములు ఉంటుంది. ఉండికాలువ గారు శనివారాన్ని పక్కన పెట్టినా వారానికి 240 గ్రాములు దాటుతున్నారు. ఇది కొంచెం కాదు. గ్రాముకు ఏడు కేలరీల చొప్పున ఒక్క క్వార్టర్‌లోనే 425 కేలరీలు ఉంటాయి, పక్కనున్న చికెన్ పకోడీ దీనికి అదనం. మీ నాలుగు కిలోలు ఎలా పోయాయన్నదానికి జవాబులో సగం ఇక్కడే ఉంది.

ఇక మీ మొదటి ప్రశ్న. ఆగగలగడం ఒక్కటే పరీక్ష కాదు. మొదలుపెట్టిన తర్వాత అనుకున్న చోట నిలబడగలుగుతున్నారా, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా కొనసాగిస్తున్నారా, మిగతా పనులన్నీ దాని చుట్టూ సర్దుకుంటున్నాయా అన్నవి మేము అడిగే అసలు ప్రశ్నలు. ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం ఒకటి ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించినది. మొత్తం 40 మార్కులు. ఎనిమిదికి చేరితే జాగ్రత్త పడాలి, 16కి చేరితే హాని మొదలైనట్టు, 20కి చేరితే శరీరం దానికి బానిస అయి ఉండవచ్చునని అనుమానించాలి. అబద్ధం చెప్పకుండా నింపి చూడండి, భార్య పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

ఒక హెచ్చరిక అందరికీ. రోజూ తాగేవారు, పొద్దున లేవగానే చేతులు వణికి ఒక గుక్క పడితే గానీ కుదుటపడనివారు, ఎవరి మాట మీదా, ఏ దీక్ష మీదా హఠాత్తుగా మానకూడదు. ఉండికాలువ గారు ఏటా ఇబ్బంది లేకుండా మానారంటే ఆయన శరీరం అంత దూరం వెళ్లలేదని అర్థం, అందరి సంగతీ అది కాదు.

చెరువుకట్ట గారూ, తాగని మగవాడు లేడన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. మీ జిల్లాలో కూడా సగానికి మించి తాగనివారే ఉండవచ్చు. వారు మీ సిట్టింగ్‌లకు రారు కాబట్టి మీకు కనిపించరు.

పాతపంతులు | జనవరి 8, మధ్యాహ్నం 2.10

వైద్యులు చెప్పిన హెచ్చరికను నేను కళ్లారా చూసిన సంగతితో బలపరుస్తాను. కరీంనగర్ జిల్లాలో ముప్పై రెండేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. మా పాఠశాలలో లెక్కలు చెప్పే మిత్రుడు ఒకరు పొద్దున స్టాఫ్ రూముకు వచ్చే ముందే ఒక చిన్న సీసా ముగించి వచ్చేవారు. ఒక ఏడు ఆయన భార్య, తల్లి పట్టుబట్టి, మాల వేస్తే అదే మానతాడని, పీఠంలో కన్నెస్వామిగా మాల వేయించారు. మొదటి రోజు సాయంత్రానికి చేతులు వణికాయి, చెమటలు పోశాయి, చన్నీళ్ల స్నానం పడలేదని అనుకున్నాం. రెండో రోజు పొద్దున పడిపూజ దగ్గర నోట నురగతో పడిపోయారు. మూడో రోజు రాత్రి గోడల మీద పాములు పాకుతున్నాయని కేకలు వేస్తూ ఎవరినీ గుర్తుపట్టలేదు. చుట్టూ ఉన్న స్వాములు అది పూనకమని హారతి పట్టారు, శరణుఘోష చెప్పారు. నేనూ ఆ గుంపులో ఉండి శరణు చెప్పినవాడినే కాబట్టి ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఊళ్లోని వైద్యుడు వచ్చి గ్లూకోజు ఎక్కించబోతే, అదృష్టవశాత్తు మా మిత్రుడి మేనల్లుడు ఒకడు నర్సింగ్ చదువుతున్నవాడు ఉండి, అడ్డుపడి, జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయాడు. తొమ్మిది రోజులు అక్కడ ఉన్నారు. బతికారు.

ఆయన మంచం పక్కన కూర్చున్న రోజుల్లోనే నా సంగతి నాకు అర్థమైంది. నేనూ తాగేవాడిని, ఆయనంత కాదు అన్న ఒక్క మాటను ఊతకర్రగా పట్టుకుని. ఇప్పటికి పదకొండేళ్లు అయింది మానేసి. ఎలా మానానో తర్వాత రాస్తాను.

మందులచీటీ | జనవరి 8, రాత్రి 9.05

పంతులు గారు చెప్పినది అక్షరాలా మేము చూసే క్రమమే. చివరి గుక్క తర్వాత ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి లేనివి కనిపించే స్థితి రావచ్చు. అది చికిత్స లేకపోతే ప్రాణాంతకం. ఏళ్ల తరబడి తాగి, అన్నం సరిగా తినని శరీరంలో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. అటువంటి మనిషికి అది ఇవ్వకుండా వట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ మేనల్లుడు చాలా పెద్ద పని చేశాడు. ఆసుపత్రిలో వారం పది రోజులు, క్రమంగా తగ్గించుకుంటూ పోయే మందులతో, ఇదంతా సురక్షితంగా గడిచిపోతుంది. మాల ఆ తర్వాత వేసుకోవచ్చు, అయ్యప్ప ఏమీ అనుకోడు.

కనకాంబరం | జనవరి 9, మధ్యాహ్నం 12.30

నేను తాగేదాన్ని కాదు, తాగే మనిషి భార్యను. మాది ప్రకాశం జిల్లా. ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మీరందరూ ఆ 41 రోజుల గురించి గొప్పగా రాశారు. నా వైపు నుంచి కూడా ఆ 41 రోజులు చూడండి. నాలుగింటికి లేచి ఇల్లు కడిగి, మడితో వంట చేసి, నా మొగుడిని నేనే 'స్వామీ' అని పిలిచి భిక్ష పెడతాను. చాకిరీ రెట్టింపు, అయినా ఏడాదిలో నాకు నిద్ర పట్టేది ఆ రోజుల్లోనే. మా పాప ఆ నెలన్నరలోనే నాన్న దగ్గర కూర్చుని హోంవర్క్ చేస్తుంది. క్యాలెండర్‌లో మాల తీసే తేదీ దగ్గర పడుతుంటే నాకు కడుపులో తిప్పుతుంది. పోయిన ఏడు ఆ రోజు మా పాప 'అమ్మా, నాన్నకు మాల తీయకుండా ఉంచమని గురుస్వామికి చెప్పు' అంది. పూసల దండకు ఇచ్చిన మాట నిలబెట్టుకునే మనిషి, పదిహేనేళ్లుగా నాకు ఇచ్చిన మాటను ఒక్కసారైనా ఎందుకు నిలబెట్టుకోడో మీలో ఎవరైనా చెప్పండి.

ఇంకో సంగతి డాక్టరు గారిని అడగాలి. అన్నంలో, మజ్జిగలో తెలియకుండా కలిపి పెడితే మందు మీద అసహ్యం పుడుతుందని ఒక పొడిని ఫోన్‌లో ప్రకటనలు చూసి మా ఆడపడుచు తెప్పించింది. పొట్లం మీద ఏం కలిపారో రాయలేదు. వాడవచ్చా?

మందులచీటీ | జనవరి 9, రాత్రి 8.50

అమ్మా, దయచేసి ఆ పొట్లాన్ని ఇంట్లో ఉంచకండి.

ఏం కలిసిందో రాయని పొడిలో ఏమైనా ఉండవచ్చు. నాకున్న భయం డైసల్ఫిరామ్ గురించి. మద్యం మన కాలేయంలో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, తర్వాత నిరపాయంగా మారుతుంది. ఈ మందు ఆ రెండో మెట్టును ఆపేస్తుంది. ఇది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, తలపోటు వస్తాయి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారికి ప్రాణం మీదికి రావచ్చు. ఆపేసిన తర్వాత రెండు వారాల వరకూ ఆ ప్రభావం ఉండవచ్చు. ఇది మంచి మందే, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి, వైద్యుడి కనుసన్నల్లో ఇచ్చే మందు. దొంగచాటుగా కలిపితే ఆయన తాగి పడిపోయిన రోజు నింద మీ మీద పడుతుంది, ప్రాణం ఆయనది పోతుంది. ఇవాళ కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కూడా ఉన్నాయి. ఆయన రానంటే మీరు ఒక్కరే రండి. ఇంటివారితో మాట్లాడటం కూడా మా చికిత్సలో భాగమే. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలీ మానస్‌కు 14416. రెండూ ఉచితమే.

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు నా దగ్గర వైద్య సమాధానం లేదు.

చెరువుకట్ట | జనవరి 10, ఉదయం 9.00

అమ్మా, మీ మాటలు చదివి రాత్రి ఏమీ రాయలేకపోయాను. అయినా సందేహం తీర్చుకోవాలి కాబట్టి అడుగుతున్నాను. రోజుకు ఒక పెగ్గు గుండెకు మంచిదని ఇదివరకు పత్రికల్లో వైద్యులే రాశారు కదా?

మందులచీటీ | జనవరి 10, మధ్యాహ్నం 1.40

రాశారు. మితంగా తాగేవారికి, అసలు తాగనివారికంటే గుండె జబ్బులు తక్కువని చూపిన అధ్యయనాలు చాలానే వచ్చాయి. వాటిలో ఒక లోపం ఉంది. జబ్బు చేసి మానేసినవారిని కూడా చాలాచోట్ల 'తాగనివారి' జాబితాలోనే చేర్చారు. రోగులతో పోలిస్తే ఎవరైనా ఆరోగ్యంగానే కనిపిస్తారు. మద్య పానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవారిలో రొమ్ము క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉంది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దీని అర్థం ఒక పెగ్గుతో పోతారని కాదు, ఆరోగ్యం కోసం తాగుతున్నాను అన్న సాకు చెల్లదని మాత్రమే.

నెల్లూరుపెద్దమ్మ | జనవరి 11, సాయంత్రం 5.20

కనకాంబరం తల్లీ, నీ ప్రశ్నకు నేను చూసినంతలో చెబుతాను. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ గారూ తోటి ఆడవాళ్లూ సారా దుకాణాన్ని అడ్డుకున్న కాలానికి నాకు పంతొమ్మిదేళ్లు. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, ఆ పాఠాల గురించి మాట్లాడుకుంటూనే సారా బండిని ఊరి పొలిమేరలో ఆపారు. 1992లో వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ చరిత్ర అందరికీ తెలిసిందే, రాజకీయం నాకు వద్దు.

మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన కూలి డబ్బు చేతికి అందగానే సారా కొట్టుకు పోయేవాడు. ఆ కొట్టు మా ఇంటి నుంచి అరవై అడుగుల దూరం. అది మూతపడ్డాక పక్క ఊరికి నాలుగు మైళ్లు నడవాల్సి వచ్చింది. పది రోజులు నడిచాడు, పదకొండో రోజు మధ్యదారిలో నుంచి వెనక్కి వచ్చాడు. 'కాళ్లు నొప్పులే, రేపు చూద్దాం' అన్నాడు. ఆ రేపు మళ్లీ రాలేదు. 97లో దుకాణాలు తెరిచినప్పుడు మా అమ్మ ప్రాణం అరచేతిలో పెట్టుకుంది, కానీ ఆయన పోలేదు. అప్పటికి ఆయనకు సాయంత్రం పూట రెండు గేదెలు ఉన్నాయి, వాటికి పాలు పిండే వేళ అదే. మా నాన్న అమ్మ మాట వినలేదు, దేవుడి మాట కూడా వినలేదు. దారి దూరమైతే విన్నాడు. నీ మొగుడు పూసల దండ మాట వింటున్నాడంటే, ఆ దండ దారి అంతటినీ అడ్డుకుంటోంది కాబట్టి. నీ మాట ఒక్కటే ఎలా అడ్డుకుంటుంది తల్లీ, అందులో నీ లోపం ఏముంది?

కువైట్‌కడప | జనవరి 12, రాత్రి 11.15

పెద్దమ్మ చెప్పింది మా బతుకులకు కూడా సరిపోతుంది. కువైట్‌లో మద్యం నిషేధం. రెండేళ్లు ఒక్క చుక్క లేకుండా బండి నడుపుతాను. రెండు నెలల సెలవు మీద కడపలో దిగిన రోజు నుంచి తిరిగి విమానం ఎక్కే రోజు వరకూ సోయి ఉండదు. రెండేళ్ల సంపాదనలో ఎంత భాగం ఆ రెండు నెలల్లో పోయిందో నా భార్య ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టింది. ఈసారి ఆ పుస్తకాన్ని నాకే ఇచ్చి పంపింది. ఇంకా తెరవలేదు.

ఉండికాలువ | జనవరి 17, రాత్రి 8.30

ఊరి నుంచి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

భోగి గడిచింది. పండగ నాడు అత్తగారింట్లో పూజ ఉంది కాబట్టి అదీ గడిచింది. 15న కనుమ. మినప గారెలు, నాటుకోడి పులుసు, కొబ్బరితోటలో మంచాలు. చెరువుకట్ట గారి నియమాన్ని మనసులో పెట్టుకుని రెండు పెగ్గులే అని ముందుగా పైకి అనేశాను. మొదటి పెగ్గు నిజంగానే రుచిగా ఉంది. రెండోది ఎప్పుడు అయిందో గుర్తుంది. మూడోదానికి 'సోడా మిగిలిపోయింది కదా' అన్నది నేనే, ఇంకెవరూ బలవంతం చేయలేదు. ఆ తర్వాత లెక్క లేదు. రాత్రి మూడు గంటలకు పాత గుండె దడ పాత మిత్రుడిలా వచ్చి లేపింది. మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఆడిట్ పత్రం నింపాను. 18 వచ్చింది.

41 రోజులు ఆగగలనని ఇన్నాళ్లు గర్వపడ్డాను. రెండో పెగ్గు దగ్గర మాత్రం ఆగలేనని తొమ్మిదేళ్లలో ఎప్పుడూ గమనించలేదు. మరునాడు, అంటే 16 నుంచి, మాల లేకుండా 41 రోజులు లెక్క పెట్టుకుంటున్నాను. నల్లబట్టలు ఉండవు, 'స్వామీ' అని ఎవరూ పిలవరు. చూడాలి.

మందులచీటీ | జనవరి 18, ఉదయం 6.30

ఇది ఓటమి అనుకోకండి. మీ రెండో ప్రశ్నకు జవాబు మీకే దొరికింది. తగ్గించుకోవడం కొందరికి నిజంగానే సాధ్యపడుతుంది: తక్కువ కాలంగా, తక్కువ మోతాదులో తాగుతున్నవారికి, మొదలుపెట్టాక ఆగగలిగినవారికి. మొదటి గుక్క తర్వాత పగ్గాలు తెగిపోయే మనిషికి 'రెండు పెగ్గులు' అన్నది 'సున్నా పెగ్గుల' కంటే కష్టమైన నియమం, ఎందుకంటే ప్రతి సాయంత్రం తనతో తాను బేరమాడుకోవాలి. మీ కాలేయంలో ఉన్న కొవ్వు ఇప్పటికైతే మానిన కొన్ని వారాల్లో కరిగే దశలోనే ఉన్నట్టుంది. మచ్చలు కట్టి గట్టిపడ్డాక ఆ అవకాశం తగ్గిపోతుంది. కాలేయం ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ ఒకసారి చేయించుకోండి.

పాతపంతులు | జనవరి 18, ఉదయం 11.00

ఉండికాలువ గారూ, ఎలా మానానో రాస్తానన్నాను, ఇప్పుడు మీకు పనికివస్తుంది. నాకు అర్థమైనంతలో మాల చేసే పని సంకల్పాన్ని పెంచడం కాదు, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు ఉన్న రెండు గంటలను మన చేతిలోంచి లాక్కోవడం. భజన, పూజ, స్నానం, తొందరగా నిద్ర. మాల తీసిన రోజున ఆ రెండు గంటలను మన చేతికి మళ్లీ ఖాళీగా ఇచ్చేస్తారు. మనకు వాటితో ఏం చేయాలో తెలియదు, తెలిసిన పని ఒక్కటే.

అందుకని నేను మొదట రాత్రి భోజనాన్ని ఏడింటికి మార్చుకున్నాను. కడుపు నిండా అన్నం తిన్నవాడికి మందు మీద మనసు సగం పోతుంది. బడి నుంచి ఇంటికి వచ్చే దారిలో రెండు వైన్ షాపులు ఉండేవి. రైలు గేటు చుట్టూ తిరిగి వచ్చేవాడిని, ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టేది. కోరిక పుట్టినప్పుడు అది ఎప్పటికీ పోదని అనిపిస్తుంది కానీ, గడియారం పెట్టుకుని చూస్తే నాకు అరగంట మించి ఎప్పుడూ నిలవలేదు. ఆ అరగంటలో ఏదైనా చేయవచ్చు, చింతపండు గింజలు తీయడంతో సహా. పెళ్లిళ్లలో 'మానేశాను' అంటే పదిమంది మీద పడతారు, 'డాక్టరు మందులు వాడుతున్నాను' అంటే ఎవరూ రెండో మాట అడగరు. ఇది అబద్ధమే, పంతులై ఉండి అబద్ధం నేర్పుతున్నందుకు మన్నించండి.

వీటన్నిటికంటే నన్ను నిలబెట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశం. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల వ్యాపారంలో పనిచేసినవారు, ఒకరు శస్త్రచికిత్స వైద్యుడు, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండటంతో మొదలైన సంఘం అది. ఫీజు లేదు, ఇంటి పేరు అడగరు. మాల వేసినప్పుడు మన చుట్టూ స్వాములు ఎలా ఉంటారో ఇక్కడ ఏడాది పొడవునా అలాంటి గుంపు ఉంటుంది. దేవుడి ప్రస్తావన కొంత ఎక్కువే, అది నచ్చనివారు చివరి కుర్చీలో కూర్చుని టీ తాగి వెళ్లిపోవచ్చు. నేను ఆరు నెలలు అదే చేశాను.

తాటితోపు | జనవరి 20, రాత్రి 7.45

మాది నిజామాబాద్ వైపు గీత కార్మిక కుటుంబం. విస్కీ మానేసి కల్లుకు మారితే ఆరోగ్యమేనని చాలామంది అనుకుంటారు కాబట్టి ఒక మాట రాయాలనిపించింది. తెల్లవారక ముందు దించిన నీరాలో మత్తు ఉండదు. ఎండ పొడ తగిలి పులిసే కొద్దీ అది కల్లు అవుతుంది, ఇంచుమించు బీరంత ఘాటుకు వస్తుంది. చెట్టు కల్లు సంగతి ఇది. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లు వేరే సరుకు, అందులో ఆల్ప్రజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి ఒక్కసారిగా సరుకు ఆగినప్పుడు, మా ప్రాంతంలో మనుషులు మెడలు వంకర్లు పోయి, పిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రుల ముందు వరుస కట్టారు. వారిలో ఆడవాళ్లూ, ముసలివాళ్లూ ఉన్నారు, తాము తాగింది మాత్రల నీళ్లని వారికి తెలియదు. అలవాటు పడినవారు దాన్ని కూడా డాక్టరు దగ్గరే మానాలి. చెట్టు ఎక్కే మనిషిని, మా వృత్తి మీద నేనే రాళ్లు వేస్తానా? అయినా చెప్పక తప్పలేదు.

ఉండికాలువ | ఫిబ్రవరి 26, రాత్రి 9.15

నిన్నటికి 41 రోజులు నిండాయి. మాలతో పోలిస్తే పది రెట్లు కష్టం. మొదటి రెండు వారాలు ఏడింటికి కాళ్లు వాటంతట అవే బాల్కనీలోకి పోయేవి. పంతులు గారు చెప్పినట్టు భోజనం ముందుకు జరిపాను. మా మేడమీద మిత్రులు ముగ్గురిలో ఒకరు ఫోన్ చేయడం మానేశారు, ఒకరు మాత్రం తన ఆడిట్ మార్కులు ఎన్నో నాకు వాట్సాప్‌లో పంపారు, 22. ఆయనను వెంటబెట్టుకుని ఎర్రగడ్డ ఆసుపత్రికి వెళ్లి వచ్చాను. ఆయన ఒంటరిగా మానకూడదని ఈ చర్చ వల్లనే తెలిసింది.

జీజీటీ 34కి వచ్చింది. ఫైబ్రోస్కాన్‌లో గట్టిదనం లేదన్నారు. నాల్‌ట్రెక్సోన్ గురించి డాక్టరు అడిగారు, ప్రస్తుతానికి వద్దన్నాను, అవసరమైతే వాడతాను. వచ్చే నెల 8న చిన్న బావమరిది గృహప్రవేశం ఉంది. పూజకు పొద్దున వెళ్లి, మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రం నాలుగింటి రైలుకు వచ్చేస్తున్నాను. టికెట్ ముందే తీసి మా ఆవిడ చేతికి ఇచ్చాను.

ఇవాళ 42వ రోజు. ఏడింటికి మా అబ్బాయి సైకిల్ గొలుసు ఊడితే దాంతో కుస్తీ పట్టి, చేతులకు గ్రీజు పూసుకుని ఇప్పుడే పైకి వచ్చాను.

చెరువుకట్ట | ఫిబ్రవరి 26, రాత్రి 10.05

అభినందనలు. నేనూ ఆ పత్రం నింపాను. పెళ్లిళ్లు, దావత్‌లు కలిపి లెక్క వేస్తే 14 వచ్చింది. నా నియమంలో ఆ మినహాయింపే అసలు మోతాదు అని తేలింది. ఈ వేసవిలో మా వైపు పెళ్లిళ్లు తొమ్మిది ఉన్నాయి. ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

కనకాంబరం | ఫిబ్రవరి 27, ఉదయం 10.40

పొడి పొట్లాన్ని ఆ రోజే మురుగు కాలువలో పారేశాను. ఈ చర్చను మా ఆయనకు చూపించలేదు, మా పాప చదివి వినిపించింది. పంతులు గారి లెక్కల మాస్టారి సంగతి వచ్చేసరికి 'చాలు' అన్నారు. నాలుగు రోజుల తర్వాత తనంతట తానే 'పొద్దున నాకూ చేతులు వణుకుతున్నాయి' అన్నారు. సోమవారం ఒంగోలు ఆసుపత్రికి వస్తానన్నారు. డాక్టరు గారూ, అప్పటివరకూ తాగకుండా ఆపమంటారా? వచ్చేటప్పుడు ఏమేం తెచ్చుకోవాలి?

మందులచీటీ | ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 1.15

ఆపకండి అమ్మా. వణుకు ఉందంటున్నారు కాబట్టి సోమవారం వరకూ హఠాత్తుగా మానిపించకండి. పెంచనివ్వకండి, అంతే. మూడు పూటలా అన్నం పెట్టండి. ఈలోగా ఫిట్స్ వచ్చినా, మాటలు తడబడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా సోమవారం దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఉదయం తొమ్మిదింటికి ఓపీలో మానసిక వైద్య విభాగానికి చీటీ రాయించుకోండి. ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు ఉంటే అది, పాత రిపోర్టులు, బీపీకి, షుగరుకు వాడే మాత్రల పట్టీలు తెచ్చుకోండి. రోజుకు ఎంత తాగుతున్నారో, చివరిసారి ఎన్ని గంటలకు తాగారో ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టండి, అక్కడ మొదట అడిగేది అదే. వారం రోజులకు సరిపడా బట్టలు సర్దుకోండి. పాపకు పరీక్షలు ఉంటే ఆ రోజుల్లో ఎవరి దగ్గర ఉంటుందో ముందే చూసుకోండి.